సీబీపీ రిపోర్ట్ చేతికొచ్చాక రక్తాన్ని చదవడం ఎలా

రిపోర్ట్ ఫోన్‌కి రాగానే అందరం చేసే పని ఒకటే. ఏ అంకె ముద్దగా, బోల్డ్‌లో ఉందో వెతుకుతాం. పక్కన పైకి బాణం గుర్తుందా, కిందికుందా అని చూస్తాం. ఆ ఒక్క అంకెను పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతుకుతాం. పది నిమిషాల్లో లేని జబ్బులన్నీ తెచ్చిపెట్టుకుని టెన్షన్ పడతాం. నేనూ చాలాకాలం అలాగే చూశాను. ఆ పద్ధతి ఎందుకు తప్పో మా అమ్మ రిపోర్ట్ విషయంలో తెలిసొచ్చింది. ఆ సంగతి ప్లేట్‌లెట్ల దగ్గర చెప్తాను.

సీబీపీ అంటే కంప్లీట్ బ్లడ్ పిక్చర్, రక్తకణాల లెక్క. అందులోని అంకెలు ఒకదానికొకటి సంబంధం ఉన్నవి. రక్తంలో ఎవరి పని ఏమిటో తెలిస్తే వాటిని కలిపి చదవడం కష్టమేమీ కాదు. పాత రిపోర్టులు కూడా ఉంటే బయటపెట్టుకోండి, తర్వాత అవసరమవుతాయి. ఇలా చదివినంత మాత్రాన డాక్టర్ అవసరం ఉండదని అనుకోవద్దు. డాక్టర్ దగ్గర ఉండే ఆ కాస్త సమయంలో సరైన ప్రశ్న అడగగలగడమే దీని ప్రయోజనం.

1. రక్తం ఇచ్చేటప్పుడే జాగ్రత్త మొదలవ్వాలి

సీబీపీ ఒక్కటే అయితే పరగడుపున ఉండక్కర్లేదు. షుగర్, కొలెస్ట్రాల్ లాంటివి కూడా రాసి ఉంటేనే ఆ నియమం. మంచినీళ్లు మామూలుగా తాగండి. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి, హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వ్యాయామం చేసి ఆ ఊపులోనే వచ్చి రక్తం ఇవ్వకండి, తెల్లకణాల లెక్క పెరిగి కనిపిస్తుంది. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ముందే చెప్పండి, వాటివల్లా తెల్లకణాలు పెరుగుతాయి.

రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి తీస్తారు. అందులో ఈడీటీఏ అనే పదార్థం ముందే ఉంటుంది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి, ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. తీసిన వెంటనే గొట్టాన్ని ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. కుదిపేస్తే కణాలు పగులుతాయి, కదపకుండా వదిలేస్తే సన్నని గడ్డలు కడతాయి. గడ్డ కట్టిన రక్తంతో వచ్చిన ప్లేట్‌లెట్ల లెక్కను నమ్మలేం.

2. గొట్టాన్ని ఒకసారి కళ్ల ముందు ఊహించుకోండి

ఆ గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో వేసి గిరగిరా తిప్పి తీస్తే లోపల మూడు పొరలు కనిపిస్తాయి. పైన లేత పసుపు ద్రవం, అదే ప్లాస్మా. అడుగున చిక్కటి ఎరుపు, అవి ఎర్ర రక్తకణాలు. రెండింటి మధ్య ఒక పల్చటి తెల్లటి గీత ఉంటుంది. తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ మొత్తం ఆ గీతలోనే సర్దుకుంటాయి. వాటా చూస్తే ఒక్క శాతం కూడా ఉండదు. మన రోగనిరోధక శక్తి గురించి ఇంత మాట్లాడుకుంటాం కదా, అందులో రక్తకణాల వాటా అంతా ఆ సన్నటి గీతేనని మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, అంటే బరువులో 7 నుంచి 8 శాతం. అందులో 55 శాతం దాకా ప్లాస్మానే. ప్లాస్మాలో పదింట తొమ్మిది వంతులు నీరు. మిగతా దాంట్లో ముఖ్యమైనవి ప్రొటీన్లు. ఆల్బుమిన్ నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచుతుంది, అది బాగా పడిపోతే కాళ్లకు నీరు దిగుతుంది. గ్లోబులిన్లలో యాంటీబాడీలు ఉంటాయి. గాయమైనప్పుడు వల అల్లే దారం ఫైబ్రినోజెన్. వీటితోపాటు చక్కెర, లవణాలు, హార్మోన్లు, కిడ్నీలు వడకట్టాల్సిన యూరియా అన్నీ ప్లాస్మాలోనే ప్రయాణం చేస్తాయి. ఒంట్లో వేడిని అన్ని మూలలకూ పంచేదీ రక్తమే.

సీబీపీ లెక్కపెట్టేది కణాలను మాత్రమే. షుగర్, క్రియాటినిన్, బిలిరుబిన్ లాంటివి ప్లాస్మాలో ఉండేవి కాబట్టి వాటికి వేరే పరీక్షలు చేయాలి. "సీబీపీ నార్మల్ వచ్చింది, ఇక అన్నీ బాగున్నట్టే" అనుకోవడం ఇందుకే పొరపాటు.

3. అంకెల కంటే ముందు యూనిట్లు చూడండి

పేరు, వయసు, ఆడా మగా అన్నవి సరిగ్గా ఉన్నాయా చూడండి. నార్మల్ హద్దులు వీటిని బట్టే మారతాయి. పసిపిల్లల రిపోర్ట్ పక్కన పెద్దవాళ్ల హద్దులు అచ్చయితే అన్నీ తప్పుగానే కనిపిస్తాయి. ఉదాహరణకు, చిన్నపిల్లల్లో తెల్లకణాల రకాలైన లింఫోసైట్లు, న్యూట్రోఫిల్స్‌లో మొదటివే ఎక్కువ ఉండటం మామూలే.

ఇక యూనిట్లు. ఒక ల్యాబ్ ప్లేట్‌లెట్లను 2,10,000 అని రాస్తుంది, ఇంకొకటి 2.1 లక్షలు అంటుంది, మరొకటి వేలల్లో లెక్కించి 210 అని రాస్తుంది. మూడూ ఒకటే. 210 అన్న అంకె చూసి గుండె జారిపోయిన వాళ్లను చూశాను. ఈ లెక్కలన్నీ ఒక మైక్రోలీటర్ రక్తానికి, అంటే ఒక ఘన మిల్లీమీటర్‌కి. ఆవగింజకంటే చిన్నదైన ఆ చోటులో దాదాపు 50 లక్షల ఎర్రకణాలుంటాయి.

4. ఎర్రకణాల వరుస: ఇక్కడ ఎక్కువసేపు ఆగండి

ముందు హిమోగ్లోబిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డెసిలీటర్‌కి మగవాళ్లలో 13 గ్రాములు, ఆడవాళ్లలో 12 గ్రాములకంటే తక్కువైతే రక్తహీనత. గర్భిణులకు ఆ హద్దు 11, మధ్య మూడు నెలల్లో 10.5. గర్భంతో ఉన్నప్పుడు ఎర్రకణాలు పెరిగినదానికంటే ప్లాస్మా ఎక్కువ పెరుగుతుంది, అందుకే హద్దు తగ్గించారు.

ఈ అంకెకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, ఆక్సిజన్ ప్లాస్మాలో దాదాపు కరగదు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే 100 మిల్లీలీటర్ల రక్తంలో ప్లాస్మాలో కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటరే. హిమోగ్లోబిన్ 15 గ్రాములుంటే అదే 100 మిల్లీలీటర్లు సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తాయి. హిమోగ్లోబిన్ 7.5కి పడితే ఆ మోత సగమైపోతుంది. గుండె ఎక్కువ శ్రమపడి ఆ లోటు పూడ్చాలని చూస్తుంది. మెట్లెక్కుతుంటే ఆయాసం, కూర్చున్నా గుండెదడ వచ్చేది అందుకే. తిరుగు ప్రయాణంలో కార్బన్ డయాక్సైడ్ కథ వేరు. అందులో దాదాపు 70 శాతం బైకార్బనేట్‌గా మారి ప్లాస్మాలో కరిగే వెళ్తుంది. రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7.35, 7.45 మధ్య నిలబడటానికి ముఖ్య ఆధారం ఆ బైకార్బనేటే.

ఎర్రకణం నిర్మాణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెండు వైపులా నొక్కినట్టుండే చిన్న బిళ్ల, అడ్డంగా 7, 8 మైక్రోమీటర్లు. తనకంటే సన్నని రక్తనాళాల్లో ఒంగి, మడతపడి దూరిపోతుంది. హిమోగ్లోబిన్‌కి చోటివ్వడానికి తన కేంద్రకాన్నే వదిలేసింది. కేంద్రకం లేదు కాబట్టి తనను తాను బాగుచేసుకోలేదు. 120 రోజులు తిరిగి అలసిపోతుంది. ప్లీహంలోనూ కాలేయంలోనూ దాన్ని విరగ్గొట్టి, అందులోని ఇనుమును తీసి మళ్లీ ఎముక మజ్జకు పంపుతారు. మజ్జ సెకనుకు సుమారు 20 లక్షల కొత్త ఎర్రకణాలను తయారుచేస్తుంది. ఒంట్లో నుంచి రక్తం కొద్దికొద్దిగా పోతూ ఉంటే ఈ ఇనుము లెక్క తప్పుతుంది. అందుకే నెలసరిలో రక్తస్రావం ఎక్కువుండే ఆడవాళ్లలోనూ, కడుపులో తెలియకుండా రక్తం కారే పెద్దవయసు వాళ్లలోనూ ఐరన్ లోపం అంత తరచుగా కనిపిస్తుంది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ ఐరన్ లోపం బయటపడితే, మాత్రలు రాయించుకుని ఊరుకోకండి. రక్తం ఎక్కడ పోతోందో వెతకమని డాక్టర్‌ను గట్టిగా అడగండి.

తర్వాత పీసీవీ చూడండి. మొత్తం రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో అది చెప్తుంది. హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే దాదాపు పీసీవీ రావాలి. 13 అయితే 39 దగ్గర్లో. చాలా తేడా ఉంటే పరీక్షలో పొరపాటు జరిగిందేమో ఒకసారి అడగండి.

ఇప్పుడు రక్తహీనత ఉందని తేలింది అనుకుందాం. ఎందుకుందో చెప్పేది ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు. 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు మామూలు. 80కి తగ్గితే కణాలు చిన్నవైపోయాయని అర్థం, ఎక్కువసార్లు ఐరన్ లోపమే. 100 దాటితే బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపం, మద్యం, కాలేయ జబ్బు, థైరాయిడ్, కొన్ని మందులు గుర్తుకు రావాలి. బీ12 తక్కువున్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది కానీ నరాల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుంది. అరికాళ్లలో తిమ్మిర్లు ఉంటే తప్పకుండా చెప్పండి.

ఎంసీవీ తక్కువున్నప్పుడు ఐరన్ మాత్రలు కొనే ముందు ఒక చిన్న లెక్క వేయండి. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో (పది లక్షల్లో) భాగించండి. ఒకరికి హిమోగ్లోబిన్ 8.7, ఎంసీవీ 70, ఎర్రకణాలు 39 లక్షలు. 70ని 3.9తో భాగిస్తే దాదాపు 18. ఇంకొకరికి హిమోగ్లోబిన్ 11.8, ఎంసీవీ 66, ఎర్రకణాలు 56 లక్షలు. 66ని 5.6తో భాగిస్తే 12 లోపే. ఫలితం 13 కంటే ఎక్కువుంటే ఐరన్ లోపం వైపు, తక్కువుంటే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) జన్యువు ఒకటి మోస్తున్నారేమో అన్న అనుమానం వైపు మొగ్గు. దీన్ని మెంట్జర్ సూచిక అంటారు. ఇది అనుమానానికి పనికొస్తుందే తప్ప నిర్ధారణకు చాలదు. ఐరన్ నిల్వలకు ఫెరిటిన్, తలసీమియాకు హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ చేయించాలి. ఇది తేల్చుకోవడం ఎందుకంటే, తలసీమియా జన్యువు మోసేవాళ్లకు ఐరన్ లోపం లేకపోతే ఏళ్ల తరబడి ఐరన్ మింగినా ప్రయోజనం లేదు. ఇద్దరు దంపతులూ ఆ జన్యువు మోస్తుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ పుట్టే బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లి లేదా పిల్లల ఆలోచనలో ఉన్నవాళ్లు దీన్ని వాయిదా వేయొద్దు.

ఆర్‌డీడబ్ల్యూని కూడా వదలకండి. కణాల సైజుల్లో తేడా ఎంతుందో అది చెప్తుంది. ఐరన్, బీ12 రెండూ తక్కువైతే ఒకవైపు చిన్న కణాలు, ఇంకోవైపు పెద్ద కణాలు ఉంటాయి. సగటు తీస్తే ఎంసీవీ 88 అని చక్కగా వస్తుంది! ఆర్‌డీడబ్ల్యూ మాత్రం పెరిగి ఆ గుట్టు బయటపెడుతుంది.

5. తెల్లకణాల్లో శాతాలను చూసి మోసపోకండి

మొత్తం లెక్క మామూలుగా 4,000 నుంచి 11,000. దాని కింద ఐదు రకాల శాతాలుంటాయి. న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియా మీద మొదట దూకేవి. పుండులో మనం చూసే చీములో ఎక్కువ భాగం పోరాడి చనిపోయిన న్యూట్రోఫిల్సే. లింఫోసైట్లు వైరస్‌లతో తలపడతాయి, యాంటీబాడీలు తయారుచేస్తాయి, ఒకసారి చూసిన శత్రువును ఏళ్లపాటు గుర్తుపెట్టుకుంటాయి. టీకాలు పనిచేసేది ఆ జ్ఞాపకం వల్లే. మోనోసైట్లు కణజాలాల్లోకి వెళ్లి అక్కడి చెత్తను మింగేస్తాయి. ఎలర్జీల్లో, నులిపురుగులున్నప్పుడు పెరిగేవి ఇస్నోఫిల్స్. బేసోఫిల్స్ చాలా తక్కువ.

శాతాన్ని ఎప్పుడూ మొత్తంతో గుణించి చూడండి. తెల్లకణాలు 3,000, లింఫోసైట్లు 55 శాతం, న్యూట్రోఫిల్స్ 35 శాతం అనుకుందాం. లింఫోసైట్ల పక్కన పైకి బాణం ఉంటుంది, చూసేవాళ్ల కన్ను దానిమీదే పడుతుంది. గుణిస్తే లింఫోసైట్లు 1,650, అంటే మామూలే. న్యూట్రోఫిల్స్ 1,050, ఇవి 1,500 కంటే తక్కువ. లోటు అసలు ఇక్కడుంది. వైరల్ జ్వరాల్లో ఇలా తగ్గి మళ్లీ తేరుకోవడం తరచూ జరిగేదే, కొన్నాళ్లాగి మళ్లీ చేయించుకోవాలి. న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గి జ్వరం కూడా ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇస్నోఫిల్స్ విషయంలోనూ శాతం పక్కనపెట్టి, సంఖ్య 500 దాటిందా అని చూడండి.

రిపోర్ట్ కింద స్మియర్ (గాజు పలక మీద పల్చగా పరిచిన రక్తపు చుక్క) గురించి రాసిన రెండు వాక్యాలు చదవకుండా వదలకండి. మైక్రోస్కోప్ కింద మనిషి కళ్లతో చూసి రాసింది అది. అందులో "బ్లాస్ట్స్" (పూర్తిగా ఎదగని రక్తకణాలు) అన్న మాట ఉంటే ఆ రోజే డాక్టర్‌ను కలవండి.

6. ప్లేట్‌లెట్లు: మా అమ్మ 38,000

చిన్న ఆపరేషన్‌కి ముందు మా అమ్మకి సీబీపీ చేయించాం. ప్లేట్‌లెట్లు 38,000 అని వచ్చింది. నార్మల్ 1.5 లక్షల నుంచి 4.5 లక్షలు. ఆపరేషన్ ఆపేశారు. ఎవరు రక్తం ఇస్తారో బంధువులకు ఫోన్లు చేశాం. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మర్నాడు చూసిన ఇంకో డాక్టర్ రిపోర్ట్ పక్కన పెట్టి ముందు అమ్మ చేతులు, కాళ్లు చూశారు. "పళ్లు తోముకుంటుంటే రక్తం వస్తోందా అమ్మా? ఎక్కడైనా కమిలిందా?" అని అడిగారు. ఏమీ లేవు. నీలం మూత గొట్టంలో మళ్లీ రక్తం తీయించారు. ఈసారి 2.2 లక్షలు!

జరిగింది ఏమిటంటే, కొందరి ప్లేట్‌లెట్లు ఈడీటీఏ తగిలితే ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి, అదీ గొట్టంలో మాత్రమే, ఒంట్లో కాదు. లెక్కపెట్టే యంత్రాలు చాలావాటికి మూలం వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంట్ పొందిన పద్ధతి. కణాలు సన్నని రంధ్రం గుండా వెళ్తుంటే విద్యుత్తులో కలిగే మార్పును పట్టి, సైజును బట్టి లెక్కిస్తుంది. పది ప్లేట్‌లెట్ల గుంపు దానికి ప్లేట్‌లెట్‌లా కనిపించదు. నీలం మూత గొట్టంలో ఈడీటీఏ బదులు సిట్రేట్ ఉంటుంది. ఆ ద్రవం వల్ల రక్తం కాస్త పలచబడుతుంది కాబట్టి వచ్చిన లెక్కను 1.1తో గుణించాలి. రక్తస్రావం గుర్తులేమీ లేకుండా ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా తక్కువ వస్తే, "స్మియర్‌లో గుంపులున్నాయేమో చూస్తారా? సిట్రేట్ గొట్టంలో మళ్లీ చేస్తారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మాకు ముందురోజే తెలిసుంటే ఎంత బాగుండేదో.

ప్లేట్‌లెట్లు పూర్తి కణాలు కావు, మజ్జలోని పెద్ద కణాల నుంచి విడివడిన ముక్కలు. ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. వేలు తెగితే ముందు రక్తనాళం ముడుచుకుంటుంది, ప్లేట్‌లెట్లు వచ్చి తెగిన అంచుకు అతుక్కుని అడ్డు కడతాయి, ప్లాస్మాలోని ఫైబ్రినోజెన్ ఫైబ్రిన్ దారాలుగా మారి వాటి మీద వల అల్లుతుంది. ఆస్పిరిన్ తాకిన ప్లేట్‌లెట్ బతికినంతకాలం సరిగా పనిచేయలేదు. అందుకే ఆస్పిరిన్ వాడుతుంటే ఆపరేషన్‌కి ముందు చెప్పాలి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

డెంగీలో అందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. పీసీవీని కూడా చూడండి, నిజానికి దాన్నే ఎక్కువ చూడాలి. డెంగీలో ప్రాణం మీదికొచ్చేది ప్లాస్మా రక్తనాళాల నుంచి బయటికి కారిపోవడం వల్ల. ప్లాస్మా పోతే మిగిలిన రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. 40 ఉన్నది 48కి చేరిందంటే 20 శాతం పెరిగినట్టు, అది హెచ్చరిక. జ్వరం తగ్గి "హమ్మయ్య" అనుకునే ఆ ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదకాలం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా లేదా అలజడిగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయొద్దు. రక్తస్రావం లేకుండా కేవలం అంకె తగ్గిందని ప్లేట్‌లెట్లు ఎక్కించమని ఒత్తిడి చేయొద్దు. 10,000 పైన ఉండి, రక్తస్రావం లేకపోతే సాధారణంగా ఆ అవసరం రాదు.

7. రక్తం ఎక్కించాలంటే ఏ భాగమో అడగండి

దాత ఇచ్చిన ఒక్క సంచి రక్తాన్ని మూడు భాగాలుగా విడదీయవచ్చు. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల చలిలో 42 రోజుల వరకు దాచగలరు. ప్లేట్‌లెట్లు చల్లదనానికి పాడవుతాయి, 20 నుంచి 24 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచినా సాధారణంగా 5 రోజులే. ప్లాస్మాను ఫ్రీజర్‌లో మంచుగడ్డలా మార్చి ఏడాది దాకా ఉంచుతారు. ప్లేట్‌లెట్లు ఎక్కువ రోజులు నిలవవు కాబట్టే వాటి దాతలు ఎప్పటికప్పుడు దొరుకుతూ ఉండాలి. ఇక బ్లడ్ గ్రూప్ సీబీపీలో రాదు, వేరే పరీక్ష. గ్రూపులను కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రకటించారు, 1930లో నోబెల్ అందుకున్నారు. మీ కార్డు మీద గ్రూప్ రాసి ఉన్నా, ఎక్కించే ముందు మళ్లీ పరీక్షించి క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తానికి సరిపడుతుందో లేదో చూడటం) చేయాల్సిందే.

8. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు

ఒక కాగితం మీద తేదీలు ఎడమవైపు రాసి, ఎదురుగా హిమోగ్లోబిన్, ఎంసీవీ, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు నాలుగు నిలువు వరుసల్లో రాసుకోండి. పాత రిపోర్టుల నుంచి కూడా నింపండి. 12.4 నుంచి 12.1 అయితే పట్టించుకోనక్కర్లేదు, అంత తేడా రోజుకీ రోజుకీ, ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ వస్తుంది. ఒక ఆవిడకి రెండేళ్లలో 14.2, 13.5, 12.6 అని దిగుతూ వస్తే, ఏ రిపోర్ట్‌లోనూ బాణం గుర్తు లేకపోయినా సరే, డాక్టర్‌కి చూపించండి. అదే కాగితం వెనక వాడుతున్న మందులు, ఈమధ్య వచ్చిన జ్వరాలు, బరువు తగ్గితే ఎంత తగ్గారో, నెలసరి ఎన్ని రోజులుంటుందో, మలం నల్లగా వస్తోందా అన్నవి రాయండి. ఒరిజినల్ రిపోర్టులు కూడా వెంట తీసుకెళ్లండి, కింద రాసిన స్మియర్ వాక్యాలు ఫోన్ ఫొటోలో తరచూ కోసుకుపోతాయి.